హౌజు నిండుకున్నది

మా ఇంట్లో "లేదు" అన్న మాటకు చోటుండేది కాదు. పిల్లలం తిట్టుకుంటే బాపు వినపడనట్టు ఊరుకునేవాడు. "ఉప్పు లేదు" అంటే మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. బియ్యం అయిపోతే "నిండుకున్నయి" అనాలి. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనాలి. లక్ష్మి చెవిన పడేటట్టు లేదని పలికితే ఆమె నొచ్చుకుని వెళ్లిపోతుందట. మట్టెవాడలో మా చుట్టుపక్కల వ్యాపారుల ఇళ్లన్నిటా ఈ పట్టింపు ఉండేది. ఆడవాళ్లు అలవాటుగా అనేసి మరిచిపోయేవారు. మా బాపు ఒక్కడే దాన్ని పట్టుకుని మిల్లు కట్టేదాకా ఎదిగాడు. చివరికి ఆ మిల్లును కాల్చిందీ ఆ పట్టింపే. మిల్లు పోయినందుకు నేను పెద్దగా ఏడవలేదు. దానితోపాటు ఒక మనిషి మంచి పేరు కాలిపోయింది. అది మాత్రం ఇన్నేళ్లయినా నాకు మింగుడు పడదు.

బాపుది మరిపెడ అవతల ఒక పల్లె. చిన్నప్పుడే తండ్రి పోతే ఎవరో చుట్టం వెంట వరంగల్ వచ్చి, మట్టెవాడలో ఒకరి కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టాడు. ఆ దుకాణంలోనే తిని, ఆ దుకాణంలోనే పడుకుని పెరిగాడు. తర్వాత అదే వీధిలో సొంతంగా ఒక దుకాణం పెట్టుకున్నాడు. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు వీధిలో నిలబడాలి, అంత చిన్నది. ఉప్పు, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు, దీపాల నూనె. వీటిలో సగం సరుకులు ఎప్పుడూ ఉండేవి కావు. చూశారా, "లేవు" అని రాయడానికి నా చెయ్యి ఇప్పటికీ జంకుతుంది.

ఎవరైనా వచ్చి దుకాణంలో దొరకని వస్తువు అడిగితే బాపు, "కూసో అవ్వా, లోపల్నుంచి తెస్త" అనేవాడు. లోపల ఏముంది, ఒక గోడ, ఒక వెనక తలుపు. ఆ తలుపులోంచి బయటపడి, సందు తిరిగి పక్క వీధి దుకాణంలో కొనుక్కొచ్చి, కొన్న ధరకే ఆమె చేతిలో పెట్టేవాడు. దాంట్లో పైసా మిగలదు. కానీ ఆ దుకాణంలో అన్నీ దొరుకుతాయన్న పేరు మిగిలింది. "గిరాకి ఒక్కసారి ఆ మాట విన్నడంటే మల్ల వాని కాళ్లు మన దిక్కు తిరగయి" అని బాపు మాకు పాఠం చెప్పినట్టు చెప్పేవాడు. ఆయన చదివిన బిజినెస్ చదువంతా ఇంతే. ఇంతకన్నా ఎక్కువ చదివినవాళ్లు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడడం నేను తర్వాత చూశాను.

ఆ దుకాణంలో తూకం వేయడానికి పరకాల దగ్గరి పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. బాపు కన్నా నాలుగైదేళ్లు పెద్ద. తక్కెడ పట్టుకున్నప్పటి నుంచి మేమందరం కాంటా మామ అనేవాళ్లం. వాళ్లది క్రైస్తవుల కుటుంబం. ఆదివారం పొద్దున చర్చికి పోయి, మధ్యాహ్నం తెల్లచొక్కాతోనే దుకాణానికి వచ్చేవాడు. వాళ్లింట్లో మా పట్టింపులేవీ తెలియవు. పనిలో చేరిన కొత్తలో ఎవరో బెల్లం అడిగితే, "బెల్లం లేదమ్మా" అనేశాడట. బాపు గద్దె మీద నుంచి దూకినంత పని చేశాడట.

"గట్లనద్దే అన్నా! నిండుకున్నదను. నాకు వినవడెటట్టు జర గట్టిగ అను. నేను మంచిది అంట. మంచిది అన్ననంటే నేను తెప్పిస్తున్నట్టు. నువ్వు ఫికర్ జెయ్యకు" అని బాపు నేర్పాడు.

"గట్లనే తమ్మీ" అన్నాడు కాంటా మామ.

అంతే, ఆ రోజు నుంచి ఆయన నోట ఆ మాట రాలేదు. మాకు పుట్టుకతో వచ్చిన భాష గనక మేం నిర్లక్ష్యంగా మాట్లాడేవాళ్లం. ఆయన నేర్చుకున్నాడు గనక భయభక్తులతో మాట్లాడేవాడు. తూకం వేసేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని లెక్కించడం కూడా ఎంతో శ్రద్ధగా చేసేవాడు. రోజంతా దుకాణంలో ఆ రెండు గొంతులే. "శెనగపప్పు నిండుకున్నది తమ్మీ." "మంచిది." "చింతపండు నిండుకున్నది." "మంచిది." సాయంత్రానికి శెనగపప్పూ చింతపండూ వచ్చి ఉండేవి.

నేను స్కూల్లో ఒకసారి, "టీచర్, పెన్నుల ఇంకు నిండుకున్నది" అన్నాను. ఆమె కొత్తగా వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి. "నిండితే రాయి మరి, నాకెందుకు చెప్తున్నావ్?" అని కసిరింది. ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే బాపు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "అది దుకాణం మాట బిడ్డా. బయటోళ్లకు ఎట్ల సమజైతది?" అన్నాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. ఆ తర్వాత ఆయన అంత మనసారా నవ్వగా నేను చూడలేదు.

డెబ్బైల మధ్యకు వచ్చేసరికి మా చుట్టుపక్కల పల్లెల్లో పత్తి పెరిగింది. బాపు ముందు పత్తిగింజల వ్యాపారం చేశాడు, తర్వాత నూనె గానుగ పెట్టాడు, తర్వాత ఊరి బయట జిన్నింగు మిల్లు కట్టాడు. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ వేరుచేసి, దూదిని బేళ్లు కట్టి పంపే మిల్లు. ఎవరేం అడిగినా "అయితది" అనడమే ఆయన పెట్టుబడి. బ్యాంకువాళ్లు ఏదో కాగితం కావాలంటే "అయితది". రైతు రేపే తూకం కావాలంటే "అయితది". చాలాసార్లు అయ్యేది కూడా. నేనెందుకు అబద్ధం చెప్పాలి, ఆయన కష్టం ముందు ఎద్దు కూడా దిగదుడుపే.

మిల్లుతోపాటు సఫారీ సూటు వచ్చింది, అంబాసిడర్ కారు వచ్చింది. కాంటా మామ మిల్లు ఆవరణలో పెద్ద కాంటా దగ్గరికి మారాడు. ఆవరణ బాగోగులన్నీ ఆయనవే. బాపు ఆయన్ను "అన్నా" అనడం ఎప్పుడు మానేశాడో నాకు తెలియదు. ఆయన కూడా "తమ్మీ" మానేసి "సేటూ" అనసాగాడు. ఎవరూ అనమని చెప్పలేదు, ఎవరూ వద్దనీ చెప్పలేదు. బాపు రోజూ ఇంజనీర్లతో, బ్యాంకు ఆఫీసర్లతో మాట్లాడేవాడు. ఇంట్లో కూడా "స్టాకు ఫుల్లు", "ట్యాంకు ఫుల్లు" అనడం మొదలుపెట్టాడు.

వ్యాపారుల సభలో ఒకసారి ఆయనకు శాలువా కప్పారు. అమ్మా నేనూ ముందు వరసలో కూర్చున్నాం. బాపు మైకు పట్టుకుని, "నాకు బుద్ధి తెలిసిన కాడ్నుంచి లేదు అన్న మాట నా నోట్లకెల్లి రాలే. గదే నా సక్సెస్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మ నా చెవిలో, "ఇప్పుడననే అన్నడు గద, అదీ మైకుల" అంది.

ఇద్దరం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. కానీ అమ్మకు లోపల భయం ఉండేది. "అందరు అయితది సేటూ అనెటోళ్లే. కాదు అని మొఖం మీద చెప్పెటోడు ఒక్కడన్న ఉన్నడా?" అని వంటింట్లో గొణుక్కునేది. ఆయనకు వినపడేటట్టు అనే ధైర్యం అమ్మకూ ఉండేది కాదు.

మిల్లు ఆవరణ మధ్యలో సిమెంటుతో కట్టిన పెద్ద హౌజు ఉండేది. పత్తి ఉన్నచోట నిప్పు పుడితే ఆర్పడానికి అందులో ఎప్పుడూ నీళ్లు ఉంచాలి. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. మిల్లు బావి అడుగంటింది. బాపు కబురు చేస్తే నీళ్ల ట్యాంకరు వచ్చి హౌజు నింపి పోతోంది. అప్పుడు నేను హనుమకొండలో కాలేజీ చదువుతున్నాను. ఒక పొద్దున బాపు కొత్త యంత్రం చూడటానికి హైదరాబాద్ పోతూ, నన్ను కాలేజీ దగ్గర దింపుతానని కారెక్కించుకున్నాడు. ముందు మిల్లు దగ్గర ఆగాం. బాపు కారు దిగలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. కాంటా మామ పరుగున వచ్చి కిటికీ దగ్గర వంగాడు.

"హౌజు సంగతేంది?" అన్నాడు బాపు.

"నిండుకున్నది సేటూ."

"మంచిది" అని బాపు అద్దం పైకి తిప్పాడు.

నాకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆ రెండు మాటలు వింటూనే నేను పెరిగాను. నిండుకున్నదంటే అయిపోయిందని, మంచిదంటే తెప్పిస్తానని. కారు హనుమకొండ వైపు తిరిగింది. బాపు నాతో పరీక్షల గురించి ఏదో అడిగాడు.

మధ్యాహ్నం మిల్లులో నిప్పు లేచింది. పత్తిలో రాయి ముక్క వచ్చి యంత్రంలో రవ్వ పుట్టించిందన్నారు. అలాంటివి అప్పుడప్పుడు జరిగేవే, నాలుగు బకెట్లతో ఆరిపోయేవే. మనుషులు హౌజు మీదికి పరుగెత్తారు. నేను కబురు విని రిక్షాలో వెళ్లేసరికి ఆ హౌజు చుట్టూ బకెట్లు పడి ఉన్నాయి. అడుగున ఎండిన నాచు, ఎవరిదో ఒక చెప్పు. ఫైరింజను వచ్చేసరికి అంటుకోవాల్సినదంతా అంటుకుంది. కాంటా మామ పత్తి నింపిన బోరాలు బయటికి లాగబోయి రెండు అరచేతులూ కాల్చుకున్నాడు. ధర పెరిగితే అమ్ముదామని పత్తి అక్కడే ఉంచిన పరకాల వైపు రైతులు గోడవతల బండ్ల మీద కూర్చుని చూస్తూ ఉన్నారు.

పొద్దుగూకేవేళకు బాపు వచ్చాడు. ఆయన చుట్టూ బజారు పెద్దలు, బ్యాంకు మనిషి, కూలీలు మూగారు. కాంటా మామ తడిగుడ్డ చుట్టిన చేతులతో ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"హౌజు నిండిందంటివి గద?" అన్నాడు బాపు.

"నిండుకున్నదన్న సేటూ. నువ్వు మంచిదంటివి. ట్యాంకరొస్తదని పొద్దంత తొవ్వ చూసిన."

బాపు మొహం నేను దగ్గర్నుంచి చూశాను. ఆయనకు అర్థమైంది. పొట్లాలు కట్టిన దుకాణం, వెనక తలుపు, తాను నేర్పిన మాట, అన్నీ ఆ ఒక్క క్షణంలో ఆయన కళ్లలోకి వచ్చాయి. నేను ఒట్టేసి చెప్పగలను. ఇంతలో వెనక నుంచి ఎవరో, "ఏమైంది సేటూ, హౌజుల నీళ్లెందుకు లెవ్వు?" అని అడిగారు. బాపు వాళ్ల వైపు తిరిగాడు.

"నిండిందని జెప్పిండు. నమ్మిన" అన్నాడు.

మాట మధ్యలోంచి ఒక చిన్న ముక్క మింగేశాడు, అంతే. నిండుకున్నది కాస్తా నిండింది అయింది. తెల్లారేసరికి బజారంతా అదే మాట. నీళ్లు పోయించకుండానే పోయించానని అబద్ధం చెప్పి, తిన్న ఇంటిని కాల్చాడని. తూకం వేసేవాడికి మాట మీదే బతుకు. అబద్ధాలకోరు అన్న పేరు వచ్చాక అతని చేతికి కాంటా ఎవరిస్తారు? గింజల మార్కెట్లో ఒక్కరు కూడా ఇవ్వలేదు.

కొన్నాళ్లకు ఆయన మా ఇంటికి వచ్చాడు. చేతులకు దవాఖానలో కట్టిన కట్లు ఇంకా ఉన్నాయి. నేను గుమ్మంలోకి వెళ్లాను.

"బాపు ఉన్నడా బిడ్డా? నౌకరీ కోసం రాలే. నేను నిజమే జెప్పిన్నని బజార్ల ఒక్క మాట అనుమను. ఒక్క మాట చాలు" అన్నాడు.

నేను లోపలికి వెళ్లి చెప్పాను. బాపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"లేడని చెప్పు" అన్నాడు.

వంటింట్లో అమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మా ఇంట్లో ఇంటి యజమాని బయటికి పోతే "పోయి వస్తనన్నడు" అంటాం తప్ప ఆ మాట అనం. చచ్చిపోయినవాళ్లను అంటారు ఆ మాట. "బయటికి పోయిండని చెప్త బాపూ" అన్నాను. "లేడని చెప్పమన్న గద" అని అరిచాడు. నేను గుమ్మంలోకి వచ్చి, "బాపు లేడు మామా" అన్నాను. కాంటా మామ నా మొహం చూశాడు, గడప పక్కన ఉన్న బాపు చెప్పులు చూశాడు. "మంచిది బిడ్డా" అని వెళ్లిపోయాడు. తర్వాత ఇంకా కొన్నిసార్లు వచ్చాడు. ప్రతిసారీ అదే జవాబు. ఆ పైన రావడం మానేశాడు.

నేను ఊరుకోలేదు. బాపుతో నేరుగా గొడవ పెట్టుకున్నాను. ఆయన కోప్పడలేదు. గిరాకితో మాట్లాడినట్టు ఓపికగా చెప్పాడు.

"వ్యాపారంల నష్టమొస్తే ఎవ్వలేమనరు. నష్టం నా తెలివితక్కువతోని వచ్చిందని తెలిస్తే రేపు నా గడపల పత్తి ఎవడు దించుతడు? మాట వినుడు రాక మిల్లు కాల్చుకున్నడంటరు. ఆయనకు పేరు పోతే ఇంకో పని జూసుకుంటడు. నాకు పేరు పోతే అంత పోతది."

నాకు ఒళ్లు మండిపోయింది. బజారులో మాకు తెలిసిన ఒక పెద్దమనిషి దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వాడు. "బియ్యానికంటరు బిడ్డా నిండుకున్నయని. హౌజుకెవలన్న అంటరా? నీ బాపు పరువు నువ్వే తీస్తవా?" అన్నాడు. ఇంటికొచ్చేసరికి ఆ కబురు నాకన్నా ముందే వచ్చింది. అమ్మ నన్ను కొట్టలేదు. "ఆయన ఒప్పుకుంటే మనం బజార్ల పడుతం" అని మాత్రం అంది. ఆడపిల్ల మాట ఆ రోజుల్లో గడప దాటితే అల్లరి అయ్యేది తప్ప సాక్ష్యం అయ్యేది కాదు.

బాపు మళ్లీ లేచాడు. మట్టెవాడ ఇల్లు తాకట్టు పెట్టి, ఎవరెవరినో ఒప్పించి, పాతదానికన్నా పెద్ద మిల్లు కట్టాడు. రైతులు మళ్లీ పత్తి తెచ్చారు. ఎనభైల మధ్యలో మళ్లీ ఒక సభ, మళ్లీ శాలువా. ఈసారి ప్రసంగంలో మంట కూడా చేరింది. "నమ్మినోడే నన్ను ముంచిండు. అయినా లేసి నిలవడ్డ" అన్నాడు. పోయినసారికన్నా గట్టిగా చప్పట్లు పడ్డాయి. అమ్మ ఈసారి నా చెవిలో ఏమీ అనలేదు. ఆ రోజే నాకు అర్థమైంది, ఇక ఈ మనిషి నోట నిజం రాదని. ఆ అబద్ధం కూడా ఆయన మిల్లులో ఒక యంత్రమైపోయింది, దాన్ని ఆపితే మిగతావి ఆగిపోతాయి.

అప్పటికి కాంటా మామ తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతున్నాడు. కాలిన వేళ్లు పూర్తిగా ముడుచుకునేవి కావు, తక్కెడను మణికట్టుకు తగిలించుకుని తూచేవాడు. నేను చూస్తుండగానే ఒకామె ఆయన దగ్గర వంకాయలు కొని, పక్క దుకాణంలో మళ్లీ తూకం వేయించుకుంది. ఆయన చూడనట్టు బండి మీద నీళ్లు చల్లుకుంటున్నాడు. నేను టమాటాలు అడిగితే "లాభం" అని తూచి, పైన రెండు గుప్పిళ్లు కలిపాడు.

"ఎందుకు మామా ఇంత?" అన్నాను.

"ఎక్కువనే ఉండనీ బిడ్డా. జర తగ్గితే మల్ల మాటొస్తది."

ఎనభైలు ముగిసే ముందు బాపు గుండె ఆగి పోయాడు. ఇంటి ముందు కార్లు వీధి చివరి దాకా నిలిచాయి. వచ్చిన ప్రతివాళ్లూ ఉత్త చేతులతో వచ్చి ఎంత ఎదిగాడో చెప్పుకున్నారు. లేదు అనని మనిషి అన్నారు. నేను వింటూ కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ఎంతో నాకే తెలియలేదు.

దహనం అయిన మర్నాడు కాంటా మామ వచ్చాడు. బండి వీధిలో ఆపి మెట్లెక్కి, అప్పట్లో నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఆదివారం చొక్కా వేసుకున్నాడు. నేను గుమ్మంలోకి వెళ్లాను. ఆయనకు తెలిసే వచ్చాడు, అయినా ఏదో ఒకటి అనాలి కదా.

"బాపు లేడు మామా" అన్నాను.

"ఆ మాట నాకు అప్పుడే జెప్పినవు గద బిడ్డా" అన్నాడు.

ఆయన లోపల గోడ వైపు, బాపు ఫొటో ముందు పెట్టిన దీపం వైపు చూశాడు.

"ఎన్నడన్న ఒక్క మాట అంటడేమోనని ఇన్నొద్దులు చూసిన. ఇగ లేదు" అని మెట్లు దిగాడు.

బాపు వద్దని నేర్పిన ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.